అప్‌డేట్: ఉదయగిరి, భైరవకోన కారులో వెళ్లొచ్చాం

పోయిన నెల అడిగాను కదా, నెల్లూరు నుంచి అమ్మానాయనలతో రెండు రోజుల్లో ఉదయగిరి, భైరవకోన, కంభం చెరువు మూడూ చూడటం కుదురుతుందా అని. కుదరలేదు, కంభం వదిలేశాం. "రెండు చాల్లే" అన్నవాళ్ల మాటే నిజమైంది.

తెల్లారి 5కి బయల్దేరి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి చేరాం, దూరం వంద కిలోమీటర్ల లోపే. నాయన మోకాళ్ల నొప్పులతో కింద చెట్టు నీడనే కూర్చున్నాడు, నేనూ తమ్ముడూ కోట ఉన్న కొండెక్కాం. అప్పట్లో ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉన్న ఈ కోటను కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో పట్టుకున్నాడని, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్నే హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడని చదివాను గానీ, ఆ నిటారు కొండ చూశాకే అన్నాళ్లు ఎందుకు పట్టిందో అర్థమైంది. నీళ్లు మనిషికి రెండు లీటర్లైనా ఉండాలి, మేం ఒక్క సీసాతో ఎక్కి నాలుక పిడచగట్టుకుపోయి దిగాం. కింద చెక్క గరిటెలు కొన్నాం, అమ్మకు కోటకంటే అవే నచ్చాయి!

రాత్రి ఉదయగిరిలోనే ఆగి, మర్నాడు సీతారామపురం వైపు నుంచి భైరవకోన. ఫోన్‌లో మ్యాప్ నమ్మి ఒక మట్టిదారిలో దూరాం, టైరు పంక్చర్, గంట పోయింది. గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన దారి చెప్పకపోతే ఇంకా అక్కడే ఉండేవాళ్లం. కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం, అక్కడ మాత్రం నాయన కూడా అన్నీ తిరిగి చూశాడు.

కంభం సంక్రాంతికి.