మూడు గంటల పెళ్ళి టేపు ఒక్క డీవీడీలో పట్టాలంటే: టూ-పాస్ లెక్కా, శాంపిల్ అంచనానా?

పాత_టేపులు:
అందరికీ నమస్కారం. మా అక్క పెళ్ళి 1996లో జరిగింది. ఆ వీహెచ్ఎస్ టేపును కంప్యూటర్లోకి ఎక్కించాను. అక్కర్లేనివి తీసేస్తే మూడు గంటలు మిగిలింది. అమ్మ దగ్గర ఉన్నది డీవీడీ ప్లేయరే. మధ్యలో లేచి డిస్క్ మార్చడం, పెన్‌డ్రైవ్ పెట్టి వెతుక్కోవడం ఆమె వల్ల కాదు. కాబట్టి మొత్తం ఒక్క 4.7 జీబీ డీవీడీ-ఆర్‌లో పట్టాలి. మా ఊరి స్టూడియో అన్నేమో "క్వాలిటీ ఒకటి ఫిక్స్ చేసుకుని, అక్కడక్కడా ముక్కలు తీసి ఎన్‌కోడ్ చేసి (అంటే కుదించి) చూడు, మొత్తం ఎంతవుతుందో తెలుస్తుంది" అన్నాడు. ఆఫీసులో ఫ్రెండ్ మాత్రం "అది పాత పద్ధతి, వీడియోని రెండుసార్లు నడిపే టూ-పాస్ పెట్టేయ్" అంటున్నాడు. ఎవరి మాట వినాలి? టేపులో రెండు చోట్ల నాన్న మాట్లాడారు. ఆయన గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు. అందుకే ఇంతగా అడుగుతున్నాను.

సూటి_లెక్క:
టూ-పాసే. ఇందులో అంచనా వేయడానికేమీ లేదండీ, భాగహారం చేస్తే చాలు. డిస్క్ మీద 4.7 జీబీ అంటే 470 కోట్ల బైట్లు. విండోస్ 1024తో భాగిస్తుంది కాబట్టి అదే 4.38 అని చూపిస్తుంది. చాలామంది తికమక పడేది అక్కడే. బిట్లలో (బైటుకి 8) అయితే 3,760 కోట్లు. మూడు గంటలంటే 10,800 సెకన్లు. భాగిస్తే సెకనుకు 3,481 కిలోబిట్లు. వీడియో, ఆడియో కలిపి కట్టడానికి, మెనూకి ఒక 4 శాతం తీసేయండి, 3,340 మిగులుతుంది. ఆడియోని ఏసీ3 అనే కుదించిన ఫార్మాట్‌లో 192 పెడితే వీడియోకి 3,150. ఆ సగటు ఇచ్చి టూ-పాస్ పెట్టండి. మొదటి పాస్‌లో ఎన్‌కోడర్ సినిమా అంతా చూసి ఏ సీన్ ఎంత కష్టమో రాసుకుంటుంది, రెండో పాస్‌లో దాని ప్రకారం బిట్లు పంచుతుంది. సైజు మీరు చెప్పిన దగ్గరే ఆగుతుంది.

బొమ్మ_ముఖ్యం:
లెక్క తప్పని నేనూ అనను. కానీ 3,150 అనేది "పడుతుందా?" అన్న ప్రశ్నకి జవాబు. "చూడగలమా?" అన్న ప్రశ్నకి కాదు. టూ-పాస్‌కి 1,500 ఇచ్చినా అంతే విధేయంగా ఆ సైజులోనే ఫైల్ తెచ్చిస్తుంది, ముఖాలన్నీ గళ్ళు గళ్ళుగా పగిలిపోయినా సరే. పైగా ఇది వీహెచ్ఎస్. టేపులోని చుక్కలు, రంగుల వణుకు ఎన్‌కోడర్ కంటికి కదలికే. ఎవరూ కదలని సీన్లోనూ బిట్లు తినేస్తుంది.

స్టూడియో అన్న చెప్పింది మంచి పద్ధతి. సినిమా క్రాఫ్ట్ ఎన్‌కోడర్ అనే సాఫ్ట్‌వేర్ వాడే రోజుల్లో వన్-పాస్ వీబీఆర్‌కి (ఒకే పాస్‌లో సీన్‌ని బట్టి బిట్లు మార్చే పద్ధతికి) చాలామంది ఇలాగే చేసేవారు. అవీసింత్ అనే వీడియో స్క్రిప్ట్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి 300 ఫ్రేముల్లో 15 తీయమని చెప్పండి. మీ 2,70,000 ఫ్రేముల్లో 13,500 వస్తాయి, అంటే తొమ్మిది నిమిషాల వీడియో. మీకు నచ్చిన క్వాలిటీలో దాన్ని ఎన్‌కోడ్ చేసి, వచ్చిన సైజును 20తో గుణించండి. ఆ బొమ్మ ఎంత చోటు అడుగుతోందో తెలుస్తుంది.

సూటి_లెక్క:
20తో గుణించినప్పుడు తప్పు కూడా 20 రెట్లవుతుంది కదా. అంచనా 3 శాతం అటూఇటూ అయినా డిస్క్ పట్టదు, మళ్ళీ మొదటి నుంచి ఎన్‌కోడ్ చేయాలి. నూటికి నూరు ఫ్రేములూ చూసే ఫస్ట్ పాస్ చేతిలో ఉండగా ఐదు శాతం చూసి ఊహించడం దేనికి? అప్పట్లో ఒక్క పాస్‌కే రాత్రంతా పట్టేది, అందుకే శాంపిల్ తీసేవారు. ఇప్పటి మెషీన్లకి ఆ అవసరం లేదు.

బొమ్మ_ముఖ్యం:
సైజులో తప్పు 20 రెట్లయినా మొత్తం కూడా 20 రెట్లే, శాతం మారదు. అసలు తప్పు ముక్క మరీ చిన్నదైతే వస్తుంది. మన దగ్గర వాడే పాల్ టీవీ పద్ధతి డీవీడీలో జీఓపీ (ఎన్‌కోడర్ కలిపి కుదించే ఫ్రేముల గుంపు) అంటే 15 ఫ్రేముల దాకా. ముక్క అంతకంటే చిన్నదైతే ప్రతి ముక్కా కొత్త ఐ-ఫ్రేముతో (ఎక్కువ చోటు తినే పూర్తి బొమ్మతో) మొదలవుతుంది, అంచనా ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. 15 తీయమన్నది అందుకే.

నిజామాబాద్_కెమెరా:
పెళ్ళిళ్ళు తీసేవాడిగా ఒక మాట. పెళ్ళి వీడియో అంతా ఒకేలా ఉండదు. పురోహితుడు మంత్రం చదువుతున్నంతసేపూ బొమ్మ నిలకడగా ఉంటుంది. తలంబ్రాలు మొదలయ్యాయంటే ఎగిరే ప్రతి గింజా ఎన్‌కోడర్‌కి కొత్త వస్తువే. హోమం పొగ, రాత్రి ఊరేగింపులో పెట్రోమాక్స్ లైట్లు, బాణసంచా, చీకట్లో గెయిన్ (కెమెరా సిగ్నల్ బలం) పెంచి తీసిన షాట్లు, ఇవన్నీ అంతే. శాంపిల్ తీస్తే సమాన దూరాల్లో మొదటి నుంచి చివరిదాకా తీయండి. చేత్తో "ఈ సీన్ బాగుంది" అని ఏరుకుంటే అంచనా తప్పుతుంది. తలంబ్రాలు రెండు నిమిషాలే, సైజు మీద పెద్ద ప్రభావం ఉండదు. అరగంట ఊరేగింపు మాత్రం లెక్కంతా మార్చేస్తుంది.

ఇంకో సంగతి. డిస్క్ మీద రాయడం లోపలి నుంచి బయటికి సాగుతుంది. చవక డిస్కులు ఎక్కువగా మొరాయించేది అంచు దగ్గరే. అప్పగింతలు సరిగ్గా అక్కడే పడతాయి. అంచు దాకా నింపకండి.

హ్యూస్టన్_వదిన:
తమ్ముడూ, ముందు ఆడియో ఏ ఫార్మాట్‌లో ఉందో చూసుకో. డీవీడీ తయారుచేసే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆడియోని పీసీఎంగానే, అంటే కుదించకుండానే, వదిలేస్తాయి. అది సెకనుకు 1,536 కిలోబిట్లు. మూడు గంటలకి 2 జీబీ దాటిపోతుంది, డిస్క్‌లో సగం దగ్గరదగ్గరగా ఆడియోకే పోతుంది. 192 ఏసీ3 అయితే 26 కోట్ల బైట్లలో అయిపోతుంది. మాటలకి అది బాగా సరిపోతుంది, మీ నాన్నగారి గొంతుకి ఏమీ కాదు. చోటు కోసం దాన్ని ఇంకా తగ్గించమని ఎవరన్నా అంటే మాత్రం వినకు.

రెండోది, వీహెచ్ఎస్ కదా, బొమ్మ సైజు 720 x 576 పిక్సెళ్ళు ఎందుకు? అడ్డంగా టేపులో ఉండేది 240 గీతల వివరమే. 352 x 576 కూడా డీవీడీ ప్రమాణంలో ఉన్నదే, ప్లేయర్లు ఆడిస్తాయి. పిక్సెళ్ళు సగానికి తగ్గితే అదే బిట్‌రేట్‌లో బొమ్మ నిలబడుతుంది. టేపు కింది అంచున వణికే గీతలుంటాయి చూడు, వాటి మీద నల్ల పట్టీ వేసెయ్. టీవీలో చాలావరకు కనపడవు గానీ బిట్లు తింటాయి.

సూటి_లెక్క:
వదిన గారు చెప్పిన 352తో నేనూ ఏకీభవిస్తాను. అయితే ఇక శాంపిల్ దేనికి? ఆ సైజు బొమ్మకి 3,150 ధారాళం.

బొమ్మ_ముఖ్యం:
ధారాళమని చూడకుండా ఎలా చెప్తారు? ఒక టేపు శుభ్రంగా ఉంటుంది, ఇంకోటి మూడో కాపీ అయ్యుంటుంది. రెండింటికీ మీ భాగహారం ఒకే జవాబిస్తుంది. నేను అడ్డం చెప్పేది దానికే.

పాత_టేపులు:
అందరికీ థాంక్స్. శాంపిల్ తీసి చూశాను. ఒకే క్వాలిటీలో 720కి 29 కోట్ల బైట్లు వచ్చింది. 20తో గుణిస్తే 580 కోట్లు, పట్టే మాటే లేదు. 352కి మార్చి, కింద నల్ల పట్టీ వేస్తే 19 కోట్లు. అంటే 380 కోట్లు, ఆడియో, మిగతావి కలుపుకుంటే 420 దాకా. పెద్ద టీవీలో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేడా తెలియలేదు. మాది అసలు కెమెరా టేపు కాదు, దాని కాపీ. బాగా చుక్కలున్నాయి.

సూటి_లెక్క:
ఇంకా 50 కోట్ల బైట్లు ఖాళీ ఉంది కదా. ఇప్పుడు టూ-పాస్ పెట్టి దాన్ని వాడుకోండి. ఊరేగింపుకి పనికొస్తుంది.

బొమ్మ_ముఖ్యం:
క్వాలిటీ ఫిక్స్ చేసినప్పుడు ఊరేగింపుకి కావలసింది అప్పుడే వెళ్ళిపోయింది. కంటికి తెలియని తేడా కోసం అంచు దాకా నింపడం ఎందుకు? మీరు అదనంగా ఇచ్చే బిట్లు ఇక టేపు చుక్కల్ని భద్రంగా దాచడానికే పోతాయి.

సూటి_లెక్క:
ఈ ఒక్క టేపుకి ఒప్పుకుంటాను, ఎందుకంటే చోటు మిగిలింది. చోటు చాలనప్పుడు మాత్రం సరిగ్గా గీత దగ్గర ఆపగలిగేది టూ-పాసే. శాంపిల్ ఆ పని చేయలేదు.

పాత_టేపులు:
క్వాలిటీ ఫిక్స్ చేసి వన్-పాసే పెడుతున్నాను. నాన్న మాట్లాడే రెండు చోట్లకీ నేరుగా వెళ్ళేలా మెనూలో బటన్లు ఇస్తున్నాను. డిస్క్ ఏ స్పీడ్‌లో రాయాలి?

నిజామాబాద్_కెమెరా:
డిస్క్ మీద 16ఎక్స్ అని ఉన్నా 8ఎక్స్‌లో రాయండి. రాశాక వెరిఫై తప్పకుండా పెట్టండి. వేరే బ్రాండ్ డిస్క్ మీద ఇంకో కాపీ తీసి అక్క దగ్గర ఉంచండి. ఎక్కించిన అసలు ఫైల్‌ని మాత్రం డిలీట్ చేయొద్దు, హార్డ్ డిస్క్‌లో అలాగే ఉండనివ్వండి.