నిరుద్యోగ పథకాలకు తండ్రి పొలం కొలవాలా, కొడుకు అవసరం చూడాలా?

మామిడి రైతు, బంగారుపాళెం:
మాది 11 ఎకరాల మెట్ట, అంతా తోతాపురి. మెట్ట 10 ఎకరాలు దాటితే బియ్యం కార్డు రాదు కాబట్టి మాకు లేదు. 2018లో చదివి ఖాళీగా ఉన్న పిల్లలకు యువనేస్తం భృతి నెలకు 1,000 ఇచ్చినప్పుడూ తెల్లకార్డే అడిగారు. పొలం కాగితం మీద ఏటా అంతే ఉంటుంది, రాబడి ఉండదే! 2025లో ఫ్యాక్టరీలు కిలోకి 8, ప్రభుత్వం 4 ఇవ్వాలన్నారు. కాయ దింపడానికి ట్రాక్టర్లు రోజుల తరబడి వరుసలో నిలబడ్డాయి. ఆ ఏడు డిగ్రీ అయిన మా చిన్నోడికి బస్సు చార్జీకి కూడా వెతుక్కున్నాం. వాడు కలిగినోడెట్లా అవుతాడు?

కొర్లగుంట, తిరుపతి:
అన్నా, మీ కష్టం నిజం. కానీ పొలం, ఆదాయం హద్దు తీసేస్తే పని నేర్పే పథకాల్లో సీట్లు ఎవరికి పోతాయో నేను చూస్తున్నా. మా వీధిలో పూలబండి తోసే ఆయన కొడుక్కి పథకం సంగతి తెలిసేలోపే గడువు అయిపోతుంది. ఇంట్లో కంప్యూటర్ ఉన్నోళ్లు మొదటిరోజే దరఖాస్తు పెట్టేసుకుంటారు. ఉన్న సీట్లు కొన్నే, అవి లేనోడికి ముందు దక్కాలి. ఇందులో నేను తగ్గను.

మదనపల్లె:
అన్ని పథకాలదీ ఒకే కొలత కాదు. 2024 అక్టోబరులో, పెద్ద కంపెనీల్లో పని నేర్పే ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ మొదలైనప్పుడు కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల దాకా ఒప్పుకున్నారు. వయసు 21 నుంచి 24, నెలకు 5,000, పన్నెండు నెలలు. అందులో మామిడి రైతు బిడ్డ ఆదాయం అడ్డమని ఆగడు. నాకు మింగుడుపడనిది ఇంకొకటి: తల్లిదండ్రుల్లో ఒకరు పర్మినెంటు ప్రభుత్వోద్యోగి అయితే జీతం ఎంతైనా సరే, పిల్లలకు అర్హత లేదన్నారు. అటెండరు కొడుకు ఆగిపోతాడు, 7 లక్షలు మిగిలే వ్యాపారి కొడుకు చేరతాడు. ఆ 5,000 కూడా, ఫ్యాక్టరీలుండే శ్రీసిటీ పక్కన గది అద్దె, మెస్సు కట్టాక ఎంత మిగులుతుంది?

మామిడి రైతు:
కొర్లగుంట అక్కా, పూలబండి ఆయన బిడ్డ ముందు వరుసలో ఉండాలన్నదానికి నేనూ కట్టుబడతా. చేతికి డబ్బిచ్చే భృతికి హద్దు పెట్టండి. పని నేర్పే చోట మాత్రం లేనోళ్లు చేరాక మిగిలిన సీట్లకు మా పిల్లల్నీ రానివ్వండి. వ్యవసాయ ఇళ్లకు పొలం కొలత కాకుండా మూడేళ్ల రాబడి సగటు తీయాలి.

కొర్లగుంట:
సగటు సరే అన్నా. దరఖాస్తుల గడువు మాత్రం వార్డు సచివాలయం వాళ్లు ఇంటింటికీ చెప్పాకే మొదలవ్వాలి. అదొక్కటీ చేర్చండి, నేనూ మీతో కలిసి అర్జీ మీద సంతకం పెడతా.