మెయిన్‌రోడ్డు వన్‌వే అయితే కొట్ల బేరం సంగతేంటి? చూసినవాళ్లు చెప్పండి

ఇత్తడికొట్టు, రాజమండ్రి:
నమస్కారమండి. మెయిన్‌రోడ్డులో మాది స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు. నాన్నగారి తర్వాత 19 ఏళ్లుగా గల్లా దగ్గర నేనే కూర్చుంటున్నాను. 2027లో పుష్కరాలు వస్తున్నాయి కదా, ఈలోగా రోడ్డు వన్‌వే చేయించుకుందామని మాలో కొందరు, చేస్తే మునిగిపోతామని కొందరు. మొన్న రాత్రి కొట్లు కట్టేశాక అరుగు మీద కూర్చుని పదకొండు దాకా వాదించుకున్నాం. తెల్లారి నేనూ, ఎదుటి బట్టల కొట్టాయనా పలకరించుకోలేదు. నాకు చాలా కష్టంగా ఉంది.

మా బేరంలో సగం పాత ఇత్తడి మార్పిడే. కోరుకొండ, సీతానగరం వైపు నుంచి ఆడవాళ్లు బిందెలు, గంగాళాలు గోనెసంచిలో కట్టి ఆటోలో తెస్తారు. పోయిన శనివారం ఒక పెద్దావిడ తెచ్చిన సంచి కాటా మీద 14 కేజీలు తూగింది. ఆటో సరిగ్గా మా మెట్టు దగ్గర ఆగింది కాబట్టి దించగలిగింది. ఆ కాసేపట్లో వెనక బళ్లన్నీ ఆగిపోయి హారన్లు మోగించాయి, అదీ నిజమే. ఎక్కడో మలుపులో దించేస్తే ఆ బరువు మోసుకుని ఆవిడ ఎలా వస్తుంది?

అలాగని ఇప్పుడు బాగుందని అనను. పోయిన శ్రావణంలో ఎదుటి కొట్టుకి టీ తీసుకెళ్తున్న మా కుర్రాడిని బండి గుద్దితే మణికట్టు విరిగింది. రెండు నెలలు కట్టుతోనే ఉన్నాడు. 2015 పుష్కరాల మొదటి రోజు తొక్కిసలాటలో 27 మంది పోయారు. జనం కదలడానికి దారి లేకపోతే ఏమవుతుందో ఈ ఊరికి ఒకరు చెప్పక్కర్లేదు. మీ ఊళ్లో వన్‌వే అయ్యాక కొట్ల పరిస్థితి ఏమైంది? సరుకు ఎప్పుడు దింపుకుంటున్నారు?

ఇన్నీసుపేట అమ్మాయి:
అన్నయ్యగారూ, మీ రోడ్డు గురించే అందరూ మాట్లాడతారు, మా సందుల గురించి ఎవరూ అడగరు. అటు వెళ్లకూడదంటే బళ్లన్నీ లోపలికే వస్తాయి. మా సందులో ఇటు ఆటో, అటు స్కూటీ వస్తేనే ఒకరు డ్రైను పలక మీదకి ఎక్కాలి. మా బాబు సాయంత్రం అక్కడే సైకిల్ నేర్చుకుంటాడు. మీరు వన్‌వే అడిగితే, సందుల్లోకి పెద్ద బళ్లు రాకుండా చూడమని కూడా అదే కాగితంలో రాయండి. రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్లని ఆపే మనిషి కూడా ఉండాలి. బోర్డు ఒక్కటే పెడితే రెండో రోజు నుంచి ఎవరూ చూడరు.

రిటైర్డ్ ఇంజనీరు:
రోడ్ల శాఖలో పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. రెండువైపులా బళ్లు నడిచే మామూలు నాలుగు రోడ్ల కూడలిలో బళ్లు ఒకదాని దారికి ఒకటి అడ్డొచ్చే చోట్లు 32 ఉంటాయి. ఒక రోడ్డు వన్‌వే అయితే అవి బాగా తగ్గుతాయి. లాభం అక్కడే. కానీ ఎదురు బండి లేదన్న ధైర్యంతో స్పీడు పెంచుతారు. రోడ్డు దాటేవాళ్లకి అదే ప్రమాదం. కాబట్టి వన్‌వేతో పాటు దాటే చోట్లు కూడా గట్టిగా ఏర్పాటు చేయాలి.

ఇంకో సంగతి. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద ఇలాంటి ఆంక్షలకు గెజిట్ నోటిఫికేషన్ కావాలి. నెలకు మించని ఆంక్షకైతే అది అక్కర్లేదు, స్థానికంగా జనానికి తెలియజేస్తే చాలు. అంటే ఒక నెల పెట్టి చూసి, బాగోకపోతే తీసేయొచ్చు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసేంత తగాదా దీనికి అక్కర్లేదండి. శ్రావణం, దసరా కాకుండా మామూలు నెల ఎంచుకోండి. ఆ నెల ముందు, ఆ నెలలో అమ్మకం లెక్క రాసుకోండి.

టి.నగర్ తెలుగు:
చెన్నైలో పాండీ బజారు పక్కనే ఉంటాను. ఇక్కడ 2019లో ఫుట్‌పాత్‌లు వెడల్పు చేసి, బళ్ల దారి తగ్గించారు. బళ్లు పూర్తిగా ఆపలేదు. పనులు జరిగినన్నాళ్లు దుమ్ము, తవ్వకాలతో నరకం చూశాం. ఇప్పుడు మా అమ్మ, 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నా పానగల్ పార్కు దాకా నడుస్తుంది, మధ్యలో బెంచీ మీద కూర్చుంటుంది. నడిచేవాళ్లు కూడా కొట్లోకి వస్తారండి. మీరు ఆటో ఆగే చోటు గట్టిగా అడిగి సాధించుకోండి, మిగతాదానికి అంత భయపడకండి.

ఇత్తడికొట్టు, రాజమండ్రి:
అందరికీ చాలా థాంక్స్. ఆ నెల రోజుల సంగతి మాకెవరికీ తెలియదు. ఇన్నీసుపేట చెల్లెమ్మా, మీ సందుల మాట తప్పకుండా రాస్తాను. అది నాకు తట్టకపోవడం తప్పే.

ఈ పోస్టు బట్టల కొట్టాయనకి చూపించాను. చదివి కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "సరుకు పొద్దున్న తొమ్మిదిలోపు దింపేసుకుందాం, నాకు ఇబ్బంది లేదు" అన్నాడు. సంచులతో వచ్చేవాళ్ల కోసం వరసకి ఒక ఆటో ఆగే చోటు అడుగుదామన్నాను, సరేనన్నాడు. రేపటి నుంచి శనివారం దాకా మా వరసలో ఎన్ని ఆటోలు ఆగుతున్నాయో, ఎంతసేపు ఆగుతున్నాయో పొద్దున్న నేను, సాయంత్రం ఆయన నోటుబుక్కులో రాస్తాం. ఆదివారం ఆ లెక్క ఇక్కడ పెడతాను.