క్రూయిజ్ ఓడలో ప్రత్యేక విందుకు ఎంత పక్కన పెట్టుకోవాలి?

మాది నెల్లూరు. అమ్మానాన్నల 40వ పెళ్లిరోజుకు వాళ్లను సింగపూర్‌లో రాయల్ కరీబియన్ కంపెనీ క్రూయిజ్ ఓడ ఎక్కిస్తున్నాం. వాళ్లిద్దరూ, మేమిద్దరం, ఏడేళ్ల పాప. మూడు పూటలా భోజనం టికెట్‌లోనే ఉంది. అయినా పెళ్లిరోజు రాత్రి మాత్రం విడిగా డబ్బు కట్టే ఇటాలియన్ రెస్టారెంట్‌లో కూర్చోబెట్టాలని నా కోరిక.

లెక్క తేలడం లేదు. మనిషికి ఇంత అని డాలర్లలో రుసుము, దానిపై 18 శాతం గ్రాట్యుటీ, అంటే వడ్డించేవాళ్లకు టిప్పు. మద్యం, కాక్‌టెయిళ్లు వేరే. మన కార్డుతో కడితే విదేశీ మారకం రుసుము, దాని మీద మళ్లీ జీఎస్టీ. ఇవన్నీ కలిపి ఐదుగురికి ఎన్ని రూపాయలు అనుకోవాలి? పాపకు తగ్గిస్తారా? ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో కట్టేస్తే ఓడలో కన్నా చవకా?

నాన్నతో ఇబ్బంది లేదు, చేప ఏ రూపంలో పెట్టినా సంతోషంగా తింటారు. అమ్మ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ముందే చెబితే పాస్తా, సూప్ కాక ఇంకేమైనా వండిపెడతారా?

ముందే కట్టేయాలనుకోవడానికి అసలు కారణం అమ్మే. ఏ హోటల్‌కు వెళ్లినా మెనూలో ధరల వరుస మీదే వేలు పెట్టి చదువుతుంది, అన్నిటికన్నా తక్కువది చెబుతుంది. ఆ ఒక్క రాత్రి అయినా తనకు నచ్చింది తినాలి.

వెళ్లొచ్చినవాళ్లు మీకు చివరికి ఎంతయిందో, శాకాహారులకు ఏం వడ్డించారో దయచేసి చెప్పండి.