బండి సీటు ఇంట్లోనే విప్పి స్పాంజి మార్చుకోవడం ఎలా?

లంకగట్టు:
150 సీసీ బండి. ముందూ వెనకా కలిపి ఒకటే సీటు, అడుగున ప్లాస్టిక్ బేస్. అమలాపురంలో ఎక్కి రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరేసరికి తోక ఎముక మంట, తొడలు తిమ్మిరి. బ్రేకు వేసినప్పుడల్లా ట్యాంకు మీదకి జారిపోవడం. వానాకాలమైతే పైన పొడిగా కనబడుతున్నా కూర్చోగానే ప్యాంటు తడుస్తుంది. పైన అంగుళం స్పాంజి వేస్తే సరిపోతుందని షాపువాళ్లు అంటున్నారు. నేనే చేసుకుందామని ఉంది. ఏ స్పాంజి, ఎంత మందం? మన వైపు కొబ్బరిపీచు పరుపు షీట్లు దొరుకుతాయి కదండీ, అవి పనికొస్తాయా?

కుట్టుమిషను:
పైన అంగుళం మాత్రం వేయించకండి. మెత్తటిది కాబట్టి మొదట హాయిగానే ఉంటుంది, కాసేపటికి అణిగిపోయి మళ్లీ పాతచోటికే వస్తారు. పైగా సీటు ఎత్తు పెరిగి కాళ్లు నేలకి అందవు.

ముందు మోచేత్తో గట్టిగా నొక్కి చూడండి. బేస్ తగిలితే స్పాంజి చచ్చినట్టే. తగలకపోతే తప్పు వాలుది. మీరు జారుతున్నారంటే వాలు ఎలాగూ సరిచేయాల్సిందే. వాలు కొలవడానికి స్పిరిట్ లెవెల్ (బుడగతో మట్టం చూపే పనిముట్టు) పెట్టేటప్పుడు బండి సెంటర్ స్టాండ్ మీద ఉండకూడదు, వాలు తప్పుగా చూపిస్తుంది. రెండు చక్రాలూ నేలమీద ఉండగా ఎవరినైనా నిటారుగా పట్టుకోమనండి.

కంపెనీ స్పాంజి పారేయొద్దు. మీరు కూర్చునే మేర మాత్రమే కోయాలి: వెనకవైపు 35 మి.మీ. లోతు, ట్యాంకు వైపు వచ్చేసరికి 15. నింపేది మాత్రం అంతటా 35 మందమే. కింద 25 మి.మీ. రీబాండ్ ఫోము (ఫోము ముక్కల్ని అతికి నొక్కి చేసేది), 90 డెన్సిటీ. పైన 10 మి.మీ. 40 డెన్సిటీ మెత్తటిది. దాంతో ముందువైపు 20 లేచి జారుడు ఆగుతుంది. అంతకంటే లేపితే కాళ్ల మధ్య ఒత్తుతుంది. ముందువైపు పక్క అంచులు ఏటవాలుగా చెక్కేస్తే తొడల తిమ్మిరీ తగ్గుతుంది, కాళ్లూ అందుతాయి.

షాపులో డెన్సిటీ ఎక్కువంటే గట్టిదని చెబుతారు. డెన్సిటీ అంటే ఘనపు మీటరుకి ఎన్ని కిలోలన్నదే, గట్టిదనం వేరు. చేత్తో నొక్కి చూసే కొనండి.

కోతకి పళ్లున్న బ్రెడ్డు చాకు, నునుపుకి 40 నంబరు గరుకు కాగితం చాలు. అతకడానికి ఫెవికాల్ ఎస్ఆర్ 998 రెండు వైపులా పల్చగా రాసి, వేలికి అంటనంత ఆరాక ఒక్కసారే నొక్కాలి, తర్వాత జరపడం కుదరదు. చెక్కకి వాడే తెల్ల ఫెవికాల్ ఆరితే అట్టకడుతుంది, తడికి ఊడొస్తుంది.

గోదారిగాలి:
పీచు వద్దండి. పరుపులో నాలుగంగుళాల మందం, బరువు ఒళ్లంతా పరుచుకుంటుంది. ఇక్కడ బరువంతా రెండు ఎముకల మీదే. పీచుని పట్టి ఉంచే రబ్బరు చిట్లి పొడి రాలుతుంది, గుంట పడుతుంది, పుల్లలు రెక్సిన్‌ని పొడుస్తాయి.

ప్యాంటు తడవడానికి కారణం కుట్లు. సూది రంధ్రాల్లోంచి నీళ్లు స్పాంజిలోకి దిగి, కూర్చోగానే పైకి వస్తాయి. కొత్త కవరుకి కూర్చునేచోట కుట్టు రాకుండా చూసుకోండి. దారం పాలిస్టర్ లేదా నైలాన్, నూలుది పుచ్చిపోతుంది. కుట్టు 4 మి.మీ. ఉండాలి. మరీ దగ్గరైతే పోస్టల్ స్టాంపుల్లా ఆ వరసన చిరుగుతుంది.

స్పాంజి మీద పల్చటి పాలిథిన్ పరిచి పక్కలకి దించండి (మందంది గరగరలాడుతుంది). బేస్‌కి ఉన్న చిన్న చిల్లులు మూయొద్దు, దిగిన నీరు పోయే దారి అదే. పాత స్పాంజి ఫ్యాను కింద పూర్తిగా ఆరాకే మూయాలి. మన వైపు ముసురులో దానికి రోజులు పడుతుంది, వేసవిలో పెట్టుకోండి ఈ పని.

పిన్నుగన్ను:
విప్పేటప్పుడు, కవరుని బేస్‌కి పట్టి ఉంచే పిన్నుల్ని సన్న స్క్రూడ్రైవర్‌తో లేపి నోస్ ప్లయర్‌తో నిటారుగా లాగండి, పక్కకి పెకిలిస్తే ప్లాస్టిక్ అంచు చిట్లుతుంది. పాత కవరు కుట్లు విప్పితే అదే కొలత ముక్క. 54 అంగుళాల పన్నా సాగే రెక్సిన్ మీటరుంపావు తీసుకోండి.

రెక్సిన్‌ని మధ్యాహ్నపు ఎండలో అరగంట ఉంచి, వేడిమీదే లాగాలి. ముందు ముక్కు మధ్యలో మూడు పిన్నులు, తర్వాత తోకవైపు లాగి మూడు, ఆపైన నడుము దగ్గర ఇటొకటి అటొకటి. మూలలు ఆఖర్న. ముడత వస్తే అక్కడి నాలుగైదు పిన్నులు తీసి మళ్లీ లాగండి, మడత కిందకి నొక్కేస్తే కుదరదు.

పిన్నులు 6 మి.మీ. స్టెయిన్‌లెస్‌వి కొట్టండి, సముద్రపు గాలికి మామూలువి తుప్పుపట్టి తెగిపోతాయి. రెక్సిన్ మరీ బిగిస్తే కింద మెత్తటి పొర ముందే అణిగిపోతుంది, చేసినదంతా వృథా. కొత్త కవరు బిగించేముందు, కుట్లు విప్పని పాత కవరు నాలుగు పిన్నులతో తగిలించి రావులపాలెం దాకా వెళ్లి రండి. వాలు నచ్చకపోతే చెక్కుకోవచ్చు.

లంకగట్టు:
వెనక కూర్చునేవాళ్ల చోటు కూడా కదపాలా?

కుట్టుమిషను:
అణగకపోతే ముట్టుకోవద్దు. పట్టుకునే బెల్టు బోల్టులు మాత్రం కవరు తీసేముందే విప్పాలి. అలాగే బేస్ కింద రబ్బరు గుబ్బలు ఎన్నున్నాయో చూడండి. ఒక్కటి పోయినా బేస్ నేరుగా ఫ్రేముకి తగిలి వణుకు పైకి వస్తుంది. అరిగినవి మార్చేయండి, స్పేర్ పార్టుల షాపులో విడిగా దొరుకుతాయి.