ఫ్లానన్ దీవుల కీపర్లు: మాయమైనవాళ్ల పేర్లు పెట్టి హత్యల కథ తీయొచ్చా?

అలలమీద:
నిన్న రాత్రి ‘ది వానిషింగ్’ చూశాను. 2018 నాటి సినిమా. జెరార్డ్ బట్లర్, పీటర్ ముల్లన్, కానర్ స్విండెల్స్ నటించారు. ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగండి, కథ చెప్పక తప్పదు. ఎవరూ ఉండని దీవి మీద లైట్‌హౌస్, అందులో ముగ్గురు కీపర్లు. తుపాను వెలిశాక ఒక పడవ, ఒక మనిషి, ఒక పెట్టె ఒడ్డుకు కొట్టుకొస్తాయి. పెట్టె నిండా బంగారం. ఇక అక్కణ్ణుంచి హత్య మీద హత్య.

నటన దగ్గర నాకు ఏ పేచీ లేదు. పిల్లాణ్ణి చంపేశానని తెలిసిన క్షణంలో బట్లర్ కూలబడిపోయే సీన్ ఇంకా కళ్లముందే ఉంది. నా బాధ పేర్లతో. జేమ్స్ డుకాట్, థామస్ మార్షల్, డొనాల్డ్ మాకార్థర్. ఇవి రచయిత పుట్టించిన పేర్లు కావు. స్కాట్లండ్‌కు పడమట, లూయిస్ దీవి నుంచి సుమారు 20 మైళ్ల దూరంలో ఫ్లానన్ దీవులున్నాయి. 1900 డిసెంబరులో వాటిలో ఐలన్ మోర్ అనే దీవి మీద డ్యూటీలో ఉండి మాయమైన ముగ్గురి పేర్లు అవి. శవాలు ఇప్పటికీ దొరకలేదు. వాళ్లు ఎవరి మీదైనా చెయ్యి చేసుకున్నారనడానికి కూడా ఒక్క ఆధారం లేదు. డుకాట్‌కు భార్య, నలుగురు పిల్లలు. మాకార్థర్‌కు భార్య, ఇద్దరు పిల్లలు. బంగారం కోసం మనుషుల్ని చంపారని వాళ్ల పేరు మీద రాస్తే, కాదని చెప్పుకోవడానికి వాళ్లు తిరిగి రాలేరు. పేర్లు మార్చి ఇదే కథ తీసుంటే నేను చప్పట్లు కొట్టేవాణ్ణి. మీరేమంటారు?

రీలుపెట్టె:
నేను ఒప్పుకోను. మన సినిమాల మొదట్లో ‘పాత్రలు, సన్నివేశాలు కేవలం కల్పితం’ అని వేస్తారు, మనం కూడా దాన్ని అలాగే తీసుకుంటాం. సినిమా వచ్చేనాటికే జరిగి 118 ఏళ్లయిన సంఘటన ఇది. ఏం జరిగిందో చెప్పేవాళ్లు లేనప్పుడు ఊహించే హక్కు కళకు ఉండాలి. పైగా సినిమా ఆ ముగ్గుర్నీ దుర్మార్గులుగా చూపించలేదు. మామూలు మనుషులు భయంలో ఒక తప్పు చేసి, దాన్ని కప్పిపుచ్చుకోబోయి మునిగిపోవడం చూపించింది. నాకు వాళ్ల మీద జాలే కలిగింది, అసహ్యం కలగలేదు.

లైట్‌హౌస్‌లో ఒంటరితనం మనుషుల్ని ఏం చేస్తుందన్నది కూడా ఉత్తి ఊహ కాదు. 1801 ప్రాంతంలో వేల్స్ దగ్గర స్మాల్స్ లైట్‌హౌస్‌లో ఇద్దరే ఉండేవారు. ఒకతను చనిపోయాడు. తానే చంపానంటారేమోనన్న భయంతో రెండో అతను శవాన్ని సముద్రంలో వదలకుండా, సాయం వచ్చేదాకా దగ్గరే పెట్టుకున్నాడు. ఆ తర్వాతే ముగ్గురు ఉండాలన్న పద్ధతి వచ్చింది.

ఓడ ఇంజనీరు:
రీలుపెట్టె గారూ, ‘ఏం జరిగిందో చెప్పేవాళ్లు లేరు’ అన్నారు. మనుషులు లేరు, నిజమే. కానీ ఆ చోటు చాలా చెప్పింది.

డిసెంబరు 15 రాత్రి అటుగా వెళ్లిన ఆర్క్‌టర్ అనే ఓడ దీపం వెలగడం లేదని గమనించింది. 20న వెళ్లాల్సిన హెస్పరస్ అనే సప్లై ఓడ వాతావరణం బాగాలేక 26న గానీ చేరలేదు. జోసెఫ్ మూర్ అనే రిలీఫ్ కీపర్ (డ్యూటీ మార్చుకోవడానికి వచ్చినవాడు) ముందు దిగాడు. గేటు మూసి ఉంది, బయటి తలుపు మూసి ఉంది. పొయ్యి చల్లారి చాలా రోజులైంది. ల్యాంపు మాత్రం శుభ్రంగా తుడిచి, నూనె పోసి, వెలిగించడానికి సిద్ధంగా ఉంది. పలక మీద చివరిగా రాసిన వివరాలు 15 ఉదయం 9 గంటలవి. అంటే పొద్దుటి పని మొత్తం పూర్తి చేశారు, సాయంత్రం దీపం పెట్టేలోపు పోయారు.

29న లైట్‌హౌస్‌ల సూపరింటెండెంట్ రాబర్ట్ మ్యూర్‌హెడ్ వచ్చి పడమటి రేవు చూశాడు. సముద్ర మట్టానికి 110 అడుగుల ఎత్తున, రాతి పగులులో ఇరికించి పెట్టిన మోకుల పెట్టె పగిలిపోయి ఉంది. ఇనుప రెయిలింగులు వంగిపోయాయి. టన్నుకు పైగా బరువున్న రాయి కదిలింది. 200 అడుగుల ఎత్తున కొండ అంచు మీది గడ్డి కూడా లేచిపోయింది. ఆ మోకులు పోకుండా భద్రం చేయడానికి వాళ్లు దిగారని, అనుకోకుండా ఒక పెద్ద అల పైకి లేచి లాక్కుపోయిందని 1901 జనవరి 8న రిపోర్టు రాశాడు. గాలి పడమటి నుంచి వీస్తోంది కాబట్టి, గాలికి ఎగిరితే దీవి వైపే పడేవాళ్లు, సముద్రంలోకి కాదు అని కూడా లెక్క వేశాడు. ఇరవై రెండేళ్లు ఓడల మీద పనిచేశాను నేను. నాకైతే ఇది గట్టి లెక్కే.

రీలుపెట్టె:
మరి మాకార్థర్ కోటు సంగతి? అతని కోటు లోపలే ఉంది. మిగతా ఇద్దరివీ లేవు. ఒకరు ఎప్పుడూ లోపల ఉండాలి కదా. డిసెంబరు చలిలో కోటు లేకుండా మనిషి ఎందుకు బయటికి పరిగెత్తాడు? ఏదో గొడవ జరిగిందనుకోవడానికి ఇక్కడ చోటు ఉంది.

ఓడ ఇంజనీరు:
చోటు ఉంది, సరే. కానీ అదే కోటు ఇంకోలా కూడా చెబుతుంది. ఓడ మీద ‘మ్యాన్ ఓవర్‌బోర్డ్’ (మనిషి సముద్రంలో పడ్డాడు) అని కేక వినపడితే కోటు కోసం ఎవరూ ఆగరు. ఒకసారి బిస్కే అఖాతంలో మా కుక్ పిండి చేతులతో, బనీనుతో డెక్ మీదికి పరిగెత్తుకొచ్చాడు. వణికించే చలి. పై నుంచి పెద్ద అలలు వరసగా రావడం చూసి, కింద ఉన్న ఇద్దర్నీ హెచ్చరించడానికి మాకార్థర్ దిగి ఉంటాడు. లేదా ఒకతను పడిపోతే రెండో అతను సాయానికి పిలిచి ఉంటాడు. మూసిన తలుపు ఈ లెక్కకు కొంచెం అడ్డం వస్తుంది, కాదనను. కానీ గాలి కొట్టే చోట తలుపు లాగి పోవడం చేతికి అలవాటైపోయే పని.

మనకు తెలిసినదంతా ఆ ముగ్గురూ తమ పని చేస్తూ పోయారనే చెబుతోంది. సినిమా సరిగ్గా అది తీసేసి అక్కడ బంగారం పెట్టింది.

చుక్కానివాడు:
లైట్‌హౌస్‌లో రోజూ రాసే లాగ్ పుస్తకంలో మాకార్థర్ ఏడుస్తున్నాడని, ముగ్గురూ ప్రార్థన చేశారని రాసి ఉందట కదా? యూట్యూబ్‌లో నాలుగైదు వీడియోలు చూశాను, అన్నింట్లో ఇదే చెప్పారు.

అలలమీద:
అది అబద్ధం. ఆ వాక్యాలు 1929లో ఒక అమెరికన్ పత్రికలో కనిపిస్తాయి, అసలు రిపోర్టుల్లో లేవు. అది మార్షల్ రాశాడని చెబుతారు. సెకండ్ అసిస్టెంట్ కీపరు తనతో పనిచేసేవాళ్ల మూడ్ గురించి ఆఫీసు పుస్తకంలో రాస్తాడా? అలాగే ‘సగం తిన్న భోజనం, పడిపోయిన కుర్చీ’ కూడా. అది 1912లో విల్ఫ్రిడ్ గిబ్సన్ అనే ఇంగ్లిష్ కవి రాసిన పద్యం నుంచి వచ్చింది. అసలు వంటింట్లో గిన్నెలన్నీ కడిగి సర్ది ఉన్నాయని మూర్ చెప్పాడు. వందేళ్లుగా ఒకరి తర్వాత ఒకరు ఆ ఇంట్లో లేని కుర్చీలు పడేస్తూనే ఉన్నారు.

ఇంకో మాట. సినిమాలో థామస్ భార్యాపిల్లల్ని పోగొట్టుకున్న పెద్దాయన. నిజం థామస్ మార్షల్‌కు ముప్పై ఏళ్లు కూడా లేవు. మనిషినే మార్చేశాక పేరు మాత్రం ఎందుకు ఉంచుకున్నట్టు?

కాకినాడ కోడలు:
సినిమా నేను చూడలేదు, చూడను కూడా. పైన రాసినవి చదివాక ఒకటి చెప్పాలనిపించింది.

మా అత్తగారి తమ్ముడు 1996 నవంబరు తుపానుకు ముందు వేటకెళ్లి తిరిగి రాలేదు. పడవ లేదు, మనిషి లేడు. ఆయన పెళ్లాం చాలా ఏళ్లు బొట్టు తీయలేదు. ఆయన లుంగీ, చిన్న రేడియో ఒక ట్రంకు పెట్టెలో ఇప్పటికీ ఉన్నాయి. రేడియోలో బ్యాటరీలు కారిపోయి తుప్పు పట్టింది, అయినా ముట్టుకోనివ్వదు. రెండు మూడేళ్ల తర్వాత ఎవరో ఒక మాట పుట్టించారు. ఒరిస్సాలో చూశామని, అక్కడ ఇంకో సంసారం పెట్టాడని. ఆ మాట ఊరంతా తిరిగింది. తుపాను తీసుకెళ్లినప్పుడు ఏడ్చినదానికంటే ఆ మాటకు ఎక్కువ ఏడ్చిందని మా అత్తగారు చెబుతారు. సముద్రంలో పోయినవాడిని తలుచుకుని అన్నం పెట్టొచ్చు. పారిపోయినవాడికి ఏం పెడుతుంది?

ఆ మాట పుట్టించినవాళ్లకు ఆయన మీద పగేమీ లేదు. చెప్పుకోవడానికి బాగుంటుందని చెప్పారు, అంతే.

రీలుపెట్టె:
అమ్మా, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

పేర్ల విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ఒక్కటి మార్చడానికి సినిమావాళ్లకు పైసా ఖర్చయ్యేది కాదు. కానీ ఊహించడమే తప్పంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. గిబ్సన్ పద్యం అబద్ధం చెప్పింది, నిజమే. అయినా ఆ పద్యం లేకపోతే 1900లో పోయిన ముగ్గురు జీతగాళ్లను ప్రపంచం ఎప్పుడో మర్చిపోయేది. మనమిలా తెలుగులో కూర్చుని వాళ్ల పేర్లు రాసుకునేవాళ్లమా?

అలలమీద:
అది నిజం. సినిమా చూడకపోతే నేను కూడా ఈ పేర్లు వినేవాణ్ణి కాదు, రాత్రి రెండింటిదాకా మ్యూర్‌హెడ్ రిపోర్టు వెతుక్కుని చదివేవాణ్ణి కాదు. అందుకు సినిమాకు నేను రుణపడే ఉన్నాను.

కానీ ఆ రిపోర్టు చివర ఏముందో తెలుసా? ఫ్లానన్‌కు వాళ్లను ఎంపిక చేసింది తనేనని మ్యూర్‌హెడ్ రాశాడు. దీపం మొదటిసారి వెలిగిన రోజు 1899 డిసెంబరు 7. సరిగ్గా ఏడాదికి, 1900 డిసెంబరు 7న, ఆయన దీవికి వెళ్లి వాళ్లను చూసి వచ్చాడు. వాళ్లతో ఆఖరుసారి చెయ్యి కలిపి వీడ్కోలు చెప్పిన మనిషిని తనేనని, అది తలుచుకుంటే బాధగా ఉందని రాసుకున్నాడు. గవర్నమెంటు రిపోర్టులో అలాంటి వాక్యం నేనెప్పుడూ చూడలేదు. ఆ చెయ్యి కలపడం ఒక్కటి సినిమాలో ఉండి ఉంటే నేనీ పోస్టు పెట్టేవాణ్ణి కాదేమో.