సమీకరణాన్ని 'తుల్యం' చేయాలా, 'సమతుల్యం' చేయాలా?

ప్రశ్న: పదో తరగతి రసాయనశాస్త్ర పుస్తకంలో 'తుల్య సమీకరణం' (బాణానికి రెండువైపులా ప్రతి మూలకం పరమాణువులూ సమానంగా ఉన్నది) అని ఉంటుంది. వీడియో పాఠాల్లో 'సమతుల్యం చేద్దాం' అంటున్నారు. తేడా ఉందా?

– తుల్యం చాలండీ. తులలో వేస్తే సరితూగేది తుల్యం. సంస్కృత వ్యాకర్త పాణిని కూడా (అష్టాధ్యాయి 4.4.91) ఈ మాటను 'తుల' నుంచే సాధించాడు. 'సమ' చేరిస్తే తప్పని అనను గానీ, కెమిస్ట్రీలో 'సమతాస్థితి' అని వేరే మాట ఉంది: పురోగామి (ముందుకు సాగే), తిరోగామి (వెనక్కి మళ్లే) చర్యల వేగాలు సమానమైన స్థితి. పిల్లలు ఈ రెంటినీ కలిపేస్తారు. చర్య ఎంతవరకు సాగిందో తుల్య సమీకరణం చెప్పదు, అది పరమాణువుల లెక్క మాత్రమే.

– ఆ మాటకొస్తే 'తుల్యాంక భారం' (ఈక్వివలెంట్ వెయిట్) కూడా ఉందిగా, చిక్కు అక్కడా ఉంది! అసలు పేచీ 'అణువు'తో. అణుబాంబు, అణుశక్తి అన్నప్పుడు అణువంటే పరమాణువే. పుస్తకంలో మాత్రం పరమాణువులు కలిస్తే అణువు. 2హెచ్2 + ఓ2 → 2హెచ్2ఓ చూడండి. అణువులు ఎడమన మూడు, కుడిన రెండు. వాటిని లెక్కపెట్టినవాడికి ఇది తప్పనిపిస్తుంది. పరమాణువులు లెక్కపెడితే హైడ్రోజన్ 4, ఆక్సిజన్ 2, రెండువైపులా అంతే.

– ఫార్ములాకు ముందు రాసే అంకెకు 'గుణకం' మాత్రం చక్కని పేరు, ఎందుకంటే అది తన వెనకున్న ఫార్ములా మొత్తాన్నీ గుణిస్తుంది. 5హెచ్2ఓ అంటే హైడ్రోజన్ 10, ఆక్సిజన్ 5. చాలామంది మొదటి మూలకాన్నే గుణించి వదిలేస్తారు. ఇంకొందరు నీటి లెక్క కుదరక కింది అంకెను మార్చి హెచ్2ఓ2 రాస్తారు. లెక్క కుదురుతుంది, కానీ అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్!

– వంటగ్యాస్‌లోని బ్యూటేన్‌తో చేసి చూపండి. సీ4హెచ్10 + ఓ2 → సీఓ2 + హెచ్2ఓ. ముందు కార్బన్: 4సీఓ2. తర్వాత హైడ్రోజన్: 5హెచ్2ఓ. ఆక్సిజన్ విడిగా, మూలకంగా ఉంది కాబట్టి చివరికి ఉంచాలి. దాని గుణకం మార్చినా మరో మూలకం కదలదు. కుడివైపు 8 + 5 = 13 ఆక్సిజన్లు, అంటే ఆరున్నర ఓ2. సగం పోవాలంటే అన్నిటినీ రెట్టింపు చేయాలి: 2సీ4హెచ్10 + 13ఓ2 → 8సీఓ2 + 10హెచ్2ఓ. ఓ2 ఒక్కదాన్నే రెట్టింపు చేసి ఆగిపోవడం మామూలు పొరపాటు.

– క్రియాజనకాలు (చర్యలో పాల్గొనేవి), క్రియాజన్యాలు (చర్యలో ఏర్పడేవి) తారుమారయ్యేవాళ్లకు: జనకుడంటే తండ్రి కదా, ముందు ఉండేవాడు. కనుక జనకాలు బాణానికి ఎడమన.